పండితుడు, మధ్యస్థుడు: ఒక అర్థభేద విచారణ

బాగా తెలిసినవాడే తీర్పు చెప్పడానికి తగినవాడన్న అభిప్రాయం సాహిత్య చర్చల్లో సిద్ధాంతంగా స్థిరపడుతున్నది. క్రికెట్ వ్యాఖ్యాత మాటను అంపైరు నిర్ణయంతో సమానంగా స్వీకరించే అలవాటుకూ, పండితాభిప్రాయాన్ని తుది తీర్పుగా శిరసావహించే విమర్శకూ మూలం ఒక్కటే: రెండు భిన్న పదాల అర్థాలను కలగాపులగం చేయడం.

‘పండ’ అంటే బుద్ధి. అది కలవాడు పండితుడు. ఆంగ్లంలోని ‘పండిట్’ ఈ పదానికి రూపాంతరమే. ‘అంపైర్’ మూలం వేరు. ‘సరిజోడు కానివాడు’ అనే అర్థంగల ప్రాచీన ఫ్రెంచి పదం ‘నోన్‌పెర్’ ఆంగ్లంలో చేరి, తొలి నకారాన్ని ముందున్న ఉపపదానికి వదులుకొని నేటి రూపం పొందింది. ఇద్దరి జోడీలో చేరని మూడవవాడే అంపైరు. సంస్కృతం నుంచి తెలుగు స్వీకరించిన ‘మధ్యస్థుడు’ కూడా నిలిచే చోటునే చెబుతుంది. పండిత శబ్దం ఒకరి గుణాన్ని తెలిపితే, మధ్యస్థ శబ్దం వివాదంలో అతని స్థానాన్ని తెలుపుతుంది.

ఈ భేదం కాళిదాసుకు తెలుసు. ‘మాళవికాగ్నిమిత్రం’ ప్రథమాంకంలో నాట్యాచార్యులైన గణదాస, హరదత్తులు తమలో ఎవరు అధికులని వివాదపడతారు. తాను తీర్పు చెబితే పక్షపాతమని రాణి భావిస్తుందంటాడు రాజు. అందుచేత పరివ్రాజిక కౌశికిని మధ్యస్థురాలిగా అంగీకరిస్తారు. నాటకంలో ఆమెకు పండిత అనే గౌరవవాచకం ఉంది. అయితే గణదాసుని శిష్యురాలైన మాళవిక జన్మరహస్యం ఆమెకు ముందే తెలుసునని పంచమాంకంలో వెల్లడవుతుంది. ఆమె పాండిత్యానికి లోటు లేదు. సందేహించవలసింది ఆమె మాధ్యస్థ్యాన్ని.

శాస్త్రం తెలియనివాడు తీర్పు ఎలా చెప్పగలడన్నది ప్రతిపక్షుల ప్రశ్న. ప్రశ్న సమంజసమే, దాని నుంచి వారు తీసే నిర్ణయం సమంజసం కాదు. తీర్పరికి జ్ఞానం అవసరం కావడం వేరు, జ్ఞానమే తీర్పు చెప్పే అధికారం కావడం వేరు. 1772లో వారన్ హేస్టింగ్స్ రూపొందించిన న్యాయవ్యవస్థలో హిందూ ధర్మశాస్త్రాన్ని వివరించడానికి పండితులను నియమించారు. వారు వ్యవస్థాపత్రం ఇచ్చేవారు, తీర్పు న్యాయాధికారిది. 1864 చట్టంతో ఆ పదవులు రద్దయ్యాయి; న్యాయాధికారి పదవి మిగిలింది. ఆ ఏర్పాటు లోపరహితమని ఎవరూ అనరు. కాని అభిప్రాయం, నిర్ణయం రెండు వేరు కార్యాలని అది రుజువు చేస్తుంది. క్రికెట్ నియమావళి కూడా ఈ మాటే చెబుతుంది. అప్పీలు లేనిదే బ్యాటరును అవుటుగా ప్రకటించే అధికారం అంపైరుకు లేదు. వ్యాఖ్యాతకు ఏ అప్పీలూ అక్కరలేదు. అతని మాటకు స్కోరు మారదు.

తెలుగులో ఈ కలగాపులగం వల్ల కలిగిన నష్టం స్వల్పం కాదు. 1913లో గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగును సమర్థిస్తూ విజ్ఞాపనం ప్రకటించారు. అదే ఏట జయంతి రామయ్య పంతులు గ్రాంథిక భాషను సమర్థిస్తూ గ్రంథం వెలువరించారు. ఇద్దరూ విద్వాంసులే, ఇద్దరూ వాదులే. ఏది సాధువో తేల్చే అధికారం వ్యాకరణవేత్తలదేనన్న భావన మాత్రం ఒక పక్షానికి తీర్పరి పీఠాన్ని కట్టబెట్టింది. వాది తానే న్యాయాధిపతి అయినప్పుడు ఓడిపోయేది ప్రతివాది ఒక్కడే కాదు. బడిలో తాను మాట్లాడని భాషలో వ్యాసం రాయవలసి వచ్చిన విద్యార్థి కూడా. చివరికి ఆ వివాదం ఏ పండితుని తీర్పుతోనూ ముగియలేదు. రచయితలు రాశారు, పత్రికలు అచ్చువేశాయి, పాఠకులు చదివారు. వ్యవహారమే దాన్ని తేల్చింది.

నేటికీ పారిభాషిక పదాల ఎంపికలో, పురస్కార నిర్ణయంలో, సిద్ధాంతవ్యాస పరీక్షలో ‘ఆయనకు తెలియనిదేముంది?’ అన్న ఒక్క ప్రశ్నతో అర్హత నిర్ణయమైపోతున్నది. దానికి ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ‘ఈ వివాదంలో ఆయన ఎక్కడ నిలిచి ఉన్నాడు?’ మొదటి ప్రశ్నకు సమాధానం పండితుణ్ణి చూపుతుంది. రెండవదానికి సమాధానం దొరికిన తరువాతనే అతన్ని తీర్పరి పీఠంపై కూర్చోబెట్టడం న్యాయం.