మన ఆట కాదట!

మనవరాలు సాయంత్రంపూట బంతి చంకన పెట్టుకుని బయల్దేరితే మావారికి గిట్టదు. "ఫుట్‌బాల్ మన ఆట కాదే, బెంగాలీలది. పైగా ఆడపిల్ల!" అంటారు. అనంతపురం ఎండకి నల్లబడుతుందని మా ఆడపడుచు వత్తాసు.

మనది కాదా? 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించిందెవరండీ? హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు! ఆ ఏడు మొదలు 1954 దాకా, వరసగా అయిదేళ్లు, బొంబాయి రోవర్స్ కప్పూ వాళ్లదే. వాళ్లను తీర్చిదిద్దింది సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు. వాటంలేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారట. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. మరుసటేడే ఆయన పోయారు.

ఆయన్ను మనకు గుర్తుచెయ్యడానికి 2024లో హిందీవాళ్లు 'మైదాన్' సినిమా తియ్యాల్సొచ్చింది. 2022లో ఐ.ఎస్.ఎల్. గెలిచిన హైదరాబాద్ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోతే, కాఫీ చల్లారినంత బాధైనా పడ్డామా మనం?

వాన వెనకబడిందని ఈ సీమలో శెనక్కాయ విత్తడం మానేశామా? ఆటకి మాత్రం విత్తనమే వెయ్యం, మనది కాదంటాం! ఇక ఆడపిల్లంటారా, బోరింగు దగ్గర్నించి బిందెలు మోసే కాళ్లకు బంతి బరువటండీ?

రేపట్నించి దాన్ని గేటుదాకా సాగనంపేది నేనే. "ఎడమకాలు కూడా వాడమ్మా" అని చెప్పి మరీ!