బరువుంటేనే గట్టి అనుకుంటే ఎట్లా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మన ఊళ్లల్లో ఒక మాట బాగా పాకింది. బరువుంటేనే గట్టి, సిమెంటైతేనే ఇల్లు, వెదురంటే పేదోళ్లది అని. ఈ మాట తప్పంటున్నా. సాక్ష్యం మన అడవిలోని తేనెతుట్టె.

తుట్టె గోడలు గోరంత మందం కూడా ఉండవు. పెట్టెల్లో పెంచే తేనెటీగల లెక్క చూస్తే, 40 గ్రాముల మైనంతో కట్టిన తుట్టె దాదాపు 2 కిలోల తేనె మోస్తుంది. గదులు గుండ్రంగా కడితే మధ్యలో సందులు మిగులుతాయి. నలుచదరంగా కడితే గోడ ఎక్కువ పడుతుంది. ఆరు మూలలైతే అంతే జాగాకి దాదాపు 7 శాతం తక్కువ గోడ చాలు. సమాన గదులకి ఇంతకన్నా తక్కువ గోడతో పని జరగదని 1999లో థామస్ హేల్స్ అనే అమెరికా గణితవేత్త రుజువు చేశాడు. మన తాతలు పొగపెట్టి కోసుకొచ్చేది ఆ లెక్కనే.

ఇక పలక సంగతి. ఏ పలక మీదైనా బరువు పెడితే అది వంగుతుంది. పైపొర నొక్కుకుంటుంది, కిందిపొర సాగుతుంది. నడిమి భాగానికి అంత పని ఉండదు, ఆ రెండు పొరల్ని ఎడంగా పట్టుకుంటే చాలు. అందుకే నడుమ తుట్టెలాగ ఖాళీ గదులు పెట్టినా బలం పెద్దగా పోదు, బరువు మాత్రం సగానికి సగం పోతుంది. విమానాల ఫ్లోర్లు, ఇస్రో ఉపగ్రహాల అల్యూమినియం పలకలు ఇట్లనే చేస్తారు. తట్టితే డొల్లగా మోగే చవక తలుపుల్లో చాలావాటి లోపల ఉండేది అట్ట గదులే. వెదురూ ఆ జాతే. లోపల డొల్ల, గట్టి నార ఎక్కువగా బయటివైపు, నలగకుండా కణుపులు. పురుగు పడుతుంది, నిజమే. బోరాక్స్ నీళ్లల్లో నానబెడితే దానికీ మందుంది.

తేనె, మైనం, వెదురు మీద మనకు హక్కుందని 2006 అటవీ హక్కుల చట్టంలో పేరుపెట్టి రాసి ఉంది. మనమేమో తూకమేసి అమ్మి వచ్చేస్తున్నాం. వాటి బలం మీద చదువు మాత్రం ఎవరో చదువుకుంటున్నారు. సారపాక పేపర్ మిల్లు చూస్తూ పెరిగిన మన పిల్లలు కూడా ఫిజిక్సంటే పట్నపోళ్ల చదువనుకుని ఆర్ట్స్ వైపు జరిగిపోతున్నారు. (ఆర్ట్స్ తక్కువని కాదు, భయపడి జరగడమే నాకు నచ్చనిది.)

ఈసారి ఆగస్టు 9కి డీజే ఖర్చు కొంచెం తగ్గించి ఒక బల్ల పెడదాం. ఎండిన తుట్టె ముక్క, వెదురు బొంగు, చింపిన అట్టపెట్టె పెడదాం. నోటుబుక్కు కాగితాలు ఏడు గొట్టాలుగా చుట్టి, దారంతో కలిపి కట్టి నిలబెట్టి, మీద పుస్తకాలు పేర్చే పని పిల్లలకే ఇద్దాం. ఎన్ని ఆగుతాయో వాళ్లే లెక్కపెట్టుకుంటారు. చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు వైపు నుంచి ఎవరెవరు వస్తారో పేర్లు చెప్పండి. తుట్టె ముక్క నేను తెస్తా.