నిప్పు క్రింద నీరు

రాకెట్టు ఆకాశమున కెగయుచుండగా చూచి ఉప్పొంగని బాలు డుండడు. 2023 జూలై 14వ తేదిన చంద్రయాన్-3 శ్రీహరికోటనుండి బయలుదేరిన దృశ్యమును మన విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. అట్టి వేళల నందఱి చూపులును పైకే పోవును. క్రిందికి చూచువా రరుదు. విద్యార్థి మొదట చూడవలసినది ఆ క్రింది భాగమే యని మా అభిప్రాయము.

శ్రీహరికోట పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న దీవి. అచ్చటి రెండవ ప్రయోగవేదిక 2005 మే 5వ తేదిన మొదటి ప్రయోగమునకు వినియోగింపబడినది. సుమారు 640 టన్నుల బరువుగల ఎల్.వి.ఎం.-3 రాకెట్టు ఈ వేదికనుండియే లేచుచున్నది. ఇంతటి బరువును పైకెత్తు మంట నేలను తాకి ఊరకుండునా? అందుచేత ఆ మంటను ప్రక్కకు మరల్చుటకు వేదిక క్రింద వాలుగా మార్గము కట్టి, అచ్చట నీటిని చిమ్ము ఏర్పాటు కావించిరి.

ఈ నీరు మంట నార్పుటకే యని పలువురు తలంతురు. అది సరికాదు. రాకెట్టు మంట ఆరిపోయినచో ప్రయోగమే లేదు. నీరు చేయు పనులు రెండు. మొదటిది వేడిని మ్రింగుట. మరుగుచున్న ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 540 కెలోరీల వేడి కావలెను. ఆ వేడి నీటిలోనికి పోవుటవలన కాంక్రీటును ఉక్కును కాపాడబడును. రెండవది ధ్వనిని అణచుట. రాకెట్టునుండి వెలువడు వాయువుల గర్జన నేలను తాకి మరలి పైకి వచ్చి, రాకెట్టునే, దాని శిరస్సున నున్న ఉపగ్రహమునే వణకించును. వేలకొలది నీటిబొట్లు ఆ అలల బలమును తమలోనికి తీసికొని తగ్గించును. వేదికచుట్టును తెల్లగా క్రమ్ము మేఘములో పొగతోపాటు ఈ ఆవిరియు చాల యుండును.

ఇది ఊహామాత్రము కాదు. 1981 ఏప్రిల్ 12వ తేదిన అమెరికాలో కొలంబియా యను నౌక మొదటిసారి లేచినప్పుడు, వెనుకకు మరలిన ఒత్తిడి అల తాకి, దాని రక్షణ పలకలు కొన్ని ఊడిపోయినవి, మఱి కొన్ని చెడినవి. పిదప మంట వెలువడుచోట నీటిని చిమ్మియు, నీటి సంచులను పఱచియు ఆ దెబ్బను తగ్గించిరి. 2023 ఏప్రిల్ 20వ తేదిన టెక్సాసులో 33 యంత్రములుగల స్టార్‌షిప్ ఇట్టి నీటి ఏర్పాటు లేకయే లేచెను. వేదిక క్రింది కాంక్రీటు పగిలి ముక్కలు దూరముగా ఎగిరిపడెను. నీటిని చిమ్ము ఉక్కు పలకను అమర్చిన పిమ్మట, అదే సంవత్సరము నవంబరు 18వ తేది ప్రయోగమున వేదిక నిలిచెను.

ఈ వివేకము మనకు క్రొత్తది కాదు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారము చెఱువు మహబూబాబాదు ప్రాంతముననే కలదు. చెఱువు కట్టువారు వరద వచ్చిన పిదప మత్తడిని గుఱించి ఆలోచింతురా? కట్టతోపాటే మత్తడిని నిర్మింతురు. బలమును ఎదిరించి నిలువలేనిచోట దానికి దారి చూపవలెను. ప్రయోగవేదిక క్రింది వాలు మార్గమును మత్తడియు ఒకే బుద్ధినుండి పుట్టినవి.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. జనగామవంటి మెట్ట ప్రాంతమున బావులెండిన సంవత్సరములను ఎఱిగిన తల్లిదండ్రులు, ఇంత నీరు నిప్పుపాలు చేయుట న్యాయమా యని అడుగవచ్చును. ప్రశ్న యోగ్యమైనదే, లెక్కతో జవాబు చెప్పవలెను. అమెరికాలో కొలంబియావంటి నౌకలకొఱకు వాడిన తొట్టిలో పట్టు నీరు సుమారు 11 లక్షల లీటర్లు. అది నిమిషము గడువక మునుపే ఖాళీ యగుచుండెను. ఆ నీటిని ఒక ఎకరముపై పఱచినచో 11 అంగుళముల లోతు నిలుచును. ఒక ఎకరము వరిపంటకు కావలసిన నీటిలో అది సుమారు నాలుగవ వంతు. దీనిచేత ఒక ఉపగ్రహమును, ఏండ్ల తరబడి శ్రమించిన వారి పనియు రక్షింపబడుచున్నవి గనుక దుర్వ్యయమని మేము చెప్పజాలము.

అయినను ఆ నీరు పిదప ఎచ్చటికి పోవుననునది ఉపేక్షింపరాదు. ఘన ఇంధనపు పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లము కలదు. అది తాకిన నీరు పుల్లబడును. పులికాటు రాజహంసలకును చేపలకును ఆశ్రయము. దానిని నమ్ముకొని బ్రతుకు జాలరులు కలరు. టెక్సాసులో వేదిక నీటిని అనుమతి లేక విడిచినందుకు 2024లో అధికారులు జరిమానా విధించిరి. ఒక దానిని కాపాడిన నీరు మఱియొక దానిని చెఱుపకుండ చూచుటయు ఆ విద్యలో భాగమే. 2025 జనవరిలో శ్రీహరికోటకు మూడవ వేదిక మంజూరైనది గనుక ఈ మాట చెప్పుటకు ఇదియే సమయము.

ఉపాధ్యాయులమైన మేము 540 అను అంకెను పరీక్షకొఱకు మాత్రమే బోధించినచో అది మఱునాడే మఱవబడును. భూపాలపల్లి కడ చెల్పూరు విద్యుత్కేంద్రపు గోపురములపై తెల్లని ఆవిరిని చూపి, వేడిని మోసికొనిపోవు నీటినిగుఱించి అచ్చటనే చెప్పినచో పాఠము నిలుచును. విద్యార్థులారా, పైకెగయు రాకెట్టును చూచి ఆనందింపుడు. కాని అది ఎగయునట్లు క్రింద నీటిగొట్టములను అమర్చి, కవాటము సరియైన క్షణమున తెఱచుకొనునట్లు చేసిన వారి పనిని కూడ కోరదగిన పనిగా ఎంచుడు. అట్టివారు మీలోనుండి రావలెనని మా కోరిక.