సమ్మర్ ప్రాజెక్ట్‌కి 80 వేల లాప్‌టాప్ ఎందుకు?

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే మాకు వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. "అన్నా, బీటెక్ సీఎస్ఈ సెకండ్ ఇయర్. సమ్మర్‌లో ఒక ఇంటర్న్‌షిప్, ఒక సొంత యాప్ చేద్దామనుకుంటున్నా. 80 వేల లోపు గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న లాప్‌టాప్ చెప్పు." మోడల్ పేరు చెప్పడం నిమిషం పని. కానీ ఆ 80 వేలు చాలా ఇళ్లలో ఈఎంఐ మీదే వస్తాయి కాబట్టి, ఈసారి పేరు చెప్పకుండా కొంచెం మాట్లాడాలి.

గ్రాఫిక్స్ కార్డ్ గేమ్స్‌కి పనికొస్తుంది. యాప్ రాయడానికి కావాల్సింది ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. ఆండ్రాయిడ్ స్టూడియోకి 8 జీబీ ర్యామ్ కనీసం ఉండాలి, ఎమ్యులేటర్ కూడా నడపాలంటే 16 జీబీ ఉంటేగానీ సుఖం లేదు. అయినా చేతిలో ఫోన్ పెట్టుకుని ఎమ్యులేటర్ ఎందుకండీ? సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కండి (షావోమీ ఫోన్లలో అయితే ఓఎస్ వెర్షన్ మీద). డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెడితే యాప్ నేరుగా మీ ఫోన్‌లోనే రన్ అవుతుంది. ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేసి, స్లాట్ ఖాళీ ఉంటే ఇంకో ర్యామ్ పెడితే ఈ సమ్మర్ గడిచిపోతుంది.

మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచే లినక్స్ కెర్నల్ కూడా ఇలాంటి ఒక స్టూడెంట్ సమ్మర్‌లోంచే వచ్చింది. 1991లో హెల్సింకి యూనివర్సిటీలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్, తన 386 పీసీ మీద ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అది ఊరికే హాబీ అని ఆగస్టు 25న ఇంటర్నెట్‌లో చెప్పాడు. సెప్టెంబర్‌లో వచ్చిన 0.01 వెర్షన్‌లో ఉన్నది సుమారు 10 వేల లైన్ల కోడ్. అందరూ లైనస్ అవుతారని కాదు. అతను సర్టిఫికెట్ కోసం మొదలుపెట్టలేదు, తన మెషీన్‌లో తనకి కావాల్సింది లేదని మొదలుపెట్టాడు. అదీ తేడా.

ఇక ఇంటర్న్‌షిప్. ఇక్కడే ఎక్కువ మంది మోసపోతున్నారు. రెండు మూడు వేలు కట్టించుకుని, నాలుగు వీడియోలు చూపించి, "మీరు రెండు నెలలు పని చేశారు" అని పీడీఎఫ్ పంపే దుకాణాలు బోలెడు. డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో చూడండి. మీ జేబులోంచి పోతుంటే అది ఇంటర్న్‌షిప్ కాదు, కోర్సు. దానికన్నా ఊళ్లో మొబైల్ రిపేర్ షాపులో రెండు నెలలు కూర్చున్న కుర్రాడికి ఎక్కువ తెలుస్తుందని నా అభిప్రాయం. స్టోరేజ్ నిండిపోయిన ఫోన్‌లో యాప్ ఎలా చస్తుందో, చిన్న అక్షరాలు కనపడక పెద్దవాళ్లు ఏ బటన్ నొక్కుతారో అక్కడ రోజూ కనిపిస్తుంది.

మరి ఏం చెయ్యాలి అంటే, ఇంకో టు-డూ యాప్ మాత్రం వద్దు. మీ వీధి కిరాణా షాపు అప్పుల పుస్తకం తీసుకోండి. పేరు, బాకీ, తేదీ, ఇంటర్నెట్ లేకపోయినా పని చెయ్యాలి, తెలుగులో ఉండాలి. చిన్నదే అనిపిస్తుంది, దిగితే తెలుస్తుంది. పైథాన్‌లో "స్త్రీ" పొడవెంతో అడగండి, 6 అని చెబుతుంది. మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు కోడ్ పాయింట్లు. లెక్కపెట్టకుండా పేరుని మధ్యలో కత్తిరిస్తే స్క్రీన్ మీద ఒత్తులు తెగిపోయి కనిపిస్తాయి. ఇది చిల్లర సమస్య కాదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు "జ్ఞా" ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లని క్రాష్ చేసింది, ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచెయ్యాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ తడబడిన చోట మీరు రెండు వారాలు కుస్తీ పట్టారంటే ఇంటర్వ్యూలో చెప్పడానికి సరుకున్నట్టే. ఏఐతో కోడ్ రాయించుకున్నా ఫర్వాలేదు గానీ, ఈ లైన్ ఎందుకుంది అని అడిగితే జవాబు మీ దగ్గర ఉండాలి.

ప్లే స్టోర్‌లో పెట్టాలనుకుంటే ముందే లెక్క వేసుకోండి. డెవలపర్ అకౌంట్‌కి ఒక్కసారి 25 డాలర్లు. కొత్త పర్సనల్ అకౌంట్ అయితే కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు టెస్టింగ్‌లో ఉంటేనే పబ్లిష్ చెయ్యడానికి అప్లై చేసుకోవచ్చు. మొదట్లో ఇది 20 మంది, తర్వాత తగ్గించారు. రెండు నెలల సెలవుల్లో అర నెల ఇక్కడే పోతుంది కాబట్టి, కోడ్ సగంలో ఉండగానే ఆ 12 మందిని పట్టుకోండి. వాళ్లలో క్లాస్‌మేట్స్ తక్కువ ఉండి, ఆ కిరాణా షాపాయన తప్పకుండా ఉంటే మంచిది.