తోటికోడలికి పెళ్ళి పిలుపు

మా వైపు పెళ్ళి పిలుపంటే మనిషి వెళ్ళాలి. ఫోన్లో కార్డు పంపితే అది పిలుపు కిందకి రాదు. ఇంటికి వెళ్ళి, కూర్చుని, టీ తాగి, "ముందురోజే వచ్చీయాలి" అని నోటితో చెప్పాలి. లేకపోతే పదేళ్ళ తరవాత కూడా "మమ్మల్ని పిలిచినారేటి?" అన్న మాట పడాల్సిందే.

మా అమ్మాయి పెళ్ళికి పిలుపుల జాబితా రాస్తుంటే, మా తోటికోడలి పేరు దగ్గర నా పెన్ను ఆగిపోయింది. "వాళ్ళకి వాట్సాప్‌లో పెట్టేద్దాం" అన్నాను. మా ఆయన ఏమీ అనలేదు. సొంత తమ్ముడి ఇల్లు కదా, లోపల ఎంత బాధపడ్డారో.

మాది సాలూరు. ఇప్పుడు మన్యం జిల్లా అంటున్నారు గానీ నా నోటికి ఇంకా విజయనగరమే వస్తుంది. జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చిన ఊరు. మా అత్తగారి కుటుంబం మొదటినుంచీ ఆ సంఘమే. మాలో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు. మరిదివాళ్ళు శ్రీకాకుళం వెళ్ళాక వేరే సహవాసంలో చేరి, నీళ్ళలో మునిగి మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నారు. అంతవరకు వాళ్ళిష్టం. కానీ మా అత్తగారి జ్ఞాపకార్థ కూడిక రోజున, భోజనాల దగ్గర, "చిన్నప్పటి చిలకరింపు బాప్తిస్మమే కాదక్కా" అనేసింది మా తోటికోడలు. "అయితే అత్తగారు ఎక్కడికి వెళ్ళినట్టు?" అన్నాను నేను, పంక్తిలో అందరికీ వినపడేలా. ఆమె విస్తరి ముందు నుంచి లేచిపోయింది. మూడేళ్ళు మాటల్లేవు.

జాబితా రాసిన వారంలోనే మా స్త్రీల సమాజంలో ఎఫెసీయుల పత్రిక నాలుగో అధ్యాయం చదివే వంతు నాకొచ్చింది. చెప్పాలి కాబట్టి ఇంట్లో రెండు మూడుసార్లు చదువుకున్నాను. పౌలు చెరసాలలో ఉండి రాస్తాడు, మీకు అందిన పిలుపుకు తగ్గట్టు నడుచుకోండి అని. పిలుపంటే ఇన్నాళ్ళూ నాకు వేదిక, సాక్ష్యం, పరిచర్య. గరిటె పట్టుకునే నాకేం పిలుపులే అనుకునేదాన్ని. పౌలు మాత్రం ఆ మాట తరవాత వేదిక ఊసే ఎత్తడు. వినయం, సాత్వికం, దీర్ఘశాంతం, ఒకరినొకరు ప్రేమతో సహించుకోవడం, ఇవే చెప్తాడు. ఇవన్నీ పక్కన ఇంకో మనిషి లేకపోతే కుదరని పనులు. ఆ ఇంకో మనిషి మనకి నచ్చినవాళ్ళే అయితే సహించడం అనే మాట ఎందుకు?

ఇంకోటి. ఐక్యతను సంపాదించమనలేదు, కాపాడుకోమన్నాడు. అంటే అది ముందే ఇచ్చేసిన సొమ్ము. పోగొట్టేది మనమే. ఆ తరవాత ఏడు "ఒకటి"లు వరసగా వస్తాయి: శరీరం, ఆత్మ, నిరీక్షణ, ప్రభువు, విశ్వాసం, బాప్తిస్మం, అందరికీ తండ్రియైన దేవుడు. ఆరోది చదివేసరికి నా గొంతు పట్టేసింది. మేము విడిపోయిందే ఆ మాట మీద.

పెద్దల స్థాయిలో ఐక్యత అంత తేలిక కాదని నాకూ తెలుసు. 1919లో తరంగంబాడిలో మొదలైన మాటలు సి.ఎస్.ఐ.గా తేలింది 1947 సెప్టెంబరు 27న. 28 ఏళ్ళు పట్టింది. అప్పుడు కూడా మా లూథరన్లు, ఈ జిల్లాల్లో ఎక్కువగా ఉన్న బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. వాళ్ళ కారణాలు వాళ్ళవి, నేను తప్పు పట్టను. కానీ మన వంటింట్లో, పిల్లలు వింటుండగా, "ఆ సంఘంవాళ్ళు" అని మూతి తిప్పేది ఏ కమిటీ? అది మనమే. ఫిలిప్పీలో కూడా పౌలు పేరుపెట్టి బతిమాలింది ఇద్దరు ఆడవాళ్ళని, యువొదియను, సుంటుకేను. ఇద్దరూ సువార్తలో తనతో కష్టపడినవాళ్ళే. గొడవ దేనికో రాయలేదు. రాయకపోవడమే మంచిదయింది, లేకపోతే ఈపాటికి మనం వాళ్ళ తరఫున కూడా పక్షాలు కట్టేవాళ్ళం!

కార్డు తీసుకుని ఇద్దరం బయల్దేరాం. బొబ్బిలి, రాజాం మీదుగా శ్రీకాకుళం. దారంతా ఏం మాట్లాడాలో అల్లుకున్నాను. తలుపు తీసి, "అక్కా, నువ్వొచ్చినావేటి?" అని అలాగే నిలబడిపోయింది. అల్లుకున్నదంతా మర్చిపోయాను. "ఆరోజు అందరి ముందూ అనకూడని మాట అన్నానమ్మా" అన్నాను. తను మాట్లాడలేదు. టీ పెట్టడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

వాళ్ళు పెళ్ళికి మూడు రోజుల ముందే వచ్చారు. తాను చేతులకి గాజులు వేసుకోదు, బొట్టూ లేదు. మా చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. నేను పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరిగాను. గుడిలో పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తుకుంటే, పుస్తకం చూడకుండా ఆఖరి చరణం దాకా పాడింది. ఆయనది మన పర్లాకిమిడి ప్రాంతమే. 1803లో పుట్టిన ఆయన పాటలు ఇక్కడ ఏ సంఘంవాళ్ళకైనా నోటికొస్తాయి.

వెళ్ళేటప్పుడు బస్టాండులో, "అయినా ముంచేదే బాప్తిస్మం అక్కా" అంది. "నేనైతే ఒప్పుకోను" అన్నాను. బస్సెక్కి, కిటికీలోంచి, ఊరగాయ సీసా ఖాళీ అయ్యాక పంపుతాను అని చెప్పింది.