డ్రిల్లు గంటలో తడబడు బిడ్డలు

డ్రిల్లు గంట మ్రోగినంతనే ముఖము వాడిపోవు బిడ్డ మన తరగతులలో నొకడైనను తప్పక యుండును. విసరిన బంతి వాని చేతులలో నిలువదు. కవాతులో అందరికాళ్లు నొకటి, వానికాలు వేరొకటి. జట్లు పంచుకొనునపుడు వానిని కట్టకడపట, అదియు విసుగుతో స్వీకరింతురు. ఉపాధ్యాయుడు ‘మొద్దు’ అనును, తరగతి నవ్వును. మరునాడు వాడు కడుపునొప్పి యని గోడప్రక్కను కూర్చుండును.

వీడు మొద్దు కాడు, సోమరియు గాడు. తలచిన పనిని కదలికలుగా కూర్చి అవయవముల కందించు నేర్పు వీనియందు సరిగా నేర్పడలేదు, అంతియే. 1937లోనే అమెరికా వైద్యుడు శామ్యూల్ ఆర్టన్ ఇట్టి బిడ్డలను గూర్చి వ్రాసెను. 1994లో కెనడాలోని లండన్ పట్టణమున సమావేశమైన పండితులు దీనికి డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అను నొక్కపేరే వాడుదమని యొడంబడిరి. బడియీడు పిల్లలలో నూటికి 5, 6 గురి కిది యుండునని వైద్యుల అంచనా. అనగా నలువదిమంది తరగతిలో ఇద్దరు. వీరికి గుండీలు పెట్టుకొనుట, చేవ్రాత, సైకిలు, అన్నియు కొండలే. ఆటకు దూరమైన బిడ్డ దేహదార్ఢ్యమునకును, తుదకు తోడిబిడ్డల చెలిమికిని దూరమగుచున్నాడు.

మన శాసనము దీని నెరుగకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున డిస్‌ప్రాక్సియా అను పేరు స్పష్టముగా నున్నది. కాని ఆ పేరు పరీక్షాశాల దాటి ఆటస్థలమునకు దిగిరాలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు నాటస్థల ముండవలెననినది. వ్యాయామమునకు బోధకుని మాత్రము ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకే, అదియు పిల్లలు నూర్గురకు మించిననే, విధించినది. ఈ తడబాటు బయటపడునది అయిదారేండ్ల ప్రాయమున! అవసరము మొదటితరగతిలో, బోధకుడు ఆరవ తరగతిలో. ఇదెక్కడి న్యాయము?

బోధకు డున్నచోటను కవాతే వ్యాయామ మనుకొనుట మరియొక దోషము. కవాతు దండునుండి బడికి వచ్చినది. అందరు నొక్కతీరున కదలుటయే దాని ధ్యేయము. ఒక్కతీరున కదలలేని బిడ్డ కది శిక్షయే గాని శిక్షణము గాదు. మన తొక్కుడుబిళ్లను చూడుడు. మొదట గళ్లు పెద్దవిగా గీసి రెండుకాళ్లతో గెంతనిచ్చి, పిదప గళ్లు తగ్గించి, అటుపిమ్మట నొంటికాలి కెక్కింపవచ్చును. ఏడుపెంకులాటకు పెద్దబంతితో, దగ్గరి గీటునుండి మొదలిడవచ్చును. కాసు ఖర్చు లేదు. అయితే మన యాటలే సర్వరోగనివారిణి యను వారితో మే మేకీభవింపజాలము. ఒంటికాలిపై గెంతినంతమాత్రమున చేవ్రాత గుండ్రబడదు. బిడ్డకు కావలసిన పనినే ముక్కలుగా విడదీసి సాధన చేయింపవలెనని 2019లో ప్రకటితములైన అంతర్జాతీయ వైద్యసూచనల సారాంశము. కెనడా విదుషి హెలీన్ పొలటాయ్‌కో పద్ధతియు నట్టిదే: బిడ్డయే తనకు గావలసిన పని నెన్నుకొనును, ఉపాయ మాలోచించును, చేయును, సరిచూచుకొనును. పెద్దలు ప్రశ్నింతురేగాని చేయిపట్టి నడిపింపరు.

ఆ దేశమందే మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు చికిత్సకులను వారమున కొకదినము బడికే పంపి, తరగతిగదిలోనే ఉపాధ్యాయులకు మెలకువలు నేర్పు నేర్పాటు నడపిరి. మనకు ప్రతిబడికి చికిత్సకుని తెచ్చుట నేడు సాధ్యముగాదు. మండలమున కొకరిని నియమించి ప్రాథమికోపాధ్యాయులకు తరిఫీదిప్పించుట అసాధ్యము గాదు. జట్ల నెన్నుకొను పని పిల్లలకు వదలక ఉపాధ్యాయుడే పంచుటకు ప్రభుత్వపుటుత్తరువు అక్కరయే లేదు. ఈ బిడ్డలను వేరుగా నిలువబెట్టి నేర్పుటయు తగదు. పెద్దబంతి అందరకు నిచ్చిన నెవరికి నష్టము?

పరీక్షలు దగ్గరపడగానే డ్రిల్లు గంటను లెక్కలకు ధారపోయు ప్రధానోపాధ్యాయులు మన పట్టణములలో పెక్కురు. ఆటలయందు బహుమతులు గొను పిల్లవాడు సాయంకాలము మైదానమున నెట్లైనను ఆడుకొనును. గోడప్రక్కను కూర్చున్నవాని కా గంటయే గతి. జూన్‌లో బడులు తెరచునపుడు వేళాపట్టిక వ్రాయువారిని తలిదండ్రులు పోయి యీ విషయ మడుగవలెను.