కారు అరిచింది, దొంగ ఏడీ?

అర్ధరాత్రి వీధిలో కారు అలారం మోగిందనుకోండి. మొదటి రాత్రి అందరూ లేస్తారు. రెండో రాత్రి కిటికీలోంచి చూస్తారు. మూడో రాత్రి ముసుగుతన్ని పడుకుంటారు. ఆ తరువాత నిజంగా దొంగే వచ్చినా పట్టించుకునే నాథుడుండడు!

నరసాపురంలో మా మావయ్యగారి కారుకి ఈ జబ్బే పట్టుకుంది. అదీ వాన కురిసిన రాత్రులే. ఒక మెకానిక్కు అలారం పెట్టె మొత్తం మార్చాడు. డబ్బు పోయింది గాని జబ్బు పోలేదు. ఇంకొకాయన సైరను తీగ కత్తిరించేసి, "ఇక మోగదు లెండి" అన్నాడు. నిజమే, మోగలేదు. దాన్ని మరమ్మతు అనడానికి మాత్రం నేను ఒప్పుకోను.

మన డెల్టాలో లోపం వెతకడం ఒకరు నేర్పాలా? 1852లో కాటన్ దొరగారి ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ మనం చేస్తున్నదే అది. చేలో అనవసరంగా నీరు నిలిస్తే రైతు కాలవ మూసేయమనడు. గట్టు వెంట నడిచి గండి ఎక్కడ పడిందో చూస్తాడు.

మూడోసారి వచ్చిన ముసలి ఎలక్ట్రీషియను అదే చేశాడు. ముందు తెగిన తీగ కలిపాడు. వాన కోసం ఎదురుచూడకుండా పట్టపగలే బానెట్ మీద చెంబుతో నీళ్ళు పోశాడు. కారు కెవ్వుమంది! ఇక ఆలోచించండి. ఆ కారులో అలారానికి కబురు పంపే స్విచ్చులు ఆరు: నాలుగు తలుపులవి, డిక్కీది, బానెట్‌ది. తలుపు తెరిస్తే స్విచ్చు తీగను కారు శరీరంతో, అంటే ఎర్తుతో, కలుపుతుంది. అదే కబురు. ఆయన బానెట్ స్విచ్చు తీగ ఊడదీసి మళ్ళీ నీళ్ళు పోశాడు. నిశ్శబ్దం. బానెట్ మూసి ఉండగా ఆ స్విచ్చుకి మీటరు పెడితే కరెంటుకి దారే ఉండకూడదు. మీటరు కొన్ని వందల ఓములు మాత్రమే చూపించింది.

స్వచ్ఛమైన నీటిలో కరెంటు బాగా పారదు, ఉప్పు కలిస్తే పారుతుంది. నరసాపురానికి సముద్రం దగ్గరే కదా! ఉప్పుగాలికి స్విచ్చులో చేరిన తుప్పు, చిలుము తడిసి, లేని దొంగను పుట్టించాయి. కొత్త స్విచ్చు, పైన ఒక రబ్బరు టోపీ. అంతే ఖర్చు.

తీగ కోసినవాడి కన్నా ప్రమాదకరమైనవాడు ఇంకొకడున్నాడు. ఫ్యూజు పోతే కారణం వెతక్కుండా లావుపాటి రాగితీగ చుట్టేవాడు. ఫ్యూజు కరగాల్సిన చోట అప్పుడు కారే కాలుతుంది.

మన బడుల్లో ఓం నియమం బట్టీ పట్టిస్తారు. ప్రయోగశాలలో ఇచ్చే వలయాలన్నీ చక్కగా పనిచేసేవే! చెడిపోయిన వలయం ఒకటి ఇచ్చి, లోపం ఎక్కడుందో కనిపెట్టమని పరీక్షలో ఎందుకు అడగరు? మీ మాస్టారిని అడిగి చూడండి. ఈలోగా ఒక పాత టార్చిలైటు తీసుకోండి. మీ స్నేహితుడు అందులో ఎక్కడో రహస్యంగా ఒక కాగితం ముక్క అడ్డుపెడతాడు, మీరు వెతకాలి. కారు జోలికి మాత్రం పోకండి. ఈనాటి కార్లలో గాలిసంచుల తీగలు కూడా ఉంటాయి, తెలియక వాటిని కెలికితే సంచి మొహం మీదే పేలవచ్చు.